పాత పగుళ్ల పద్దు

ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు మనకు బాగా తెలుసనే అనుకుంటాం. పడమటి గదిలో కిటికీ మూల నుంచి పైకి పాకిన పగులు ఎంత పొడవుందో చెప్పమంటే మాత్రం తడబడతాం. అసలక్కడ పగులుందా అని ఎదురు అడిగేవాళ్లూ ఉంటారు. పక్క ఖాళీ జాగాలోకి జేసీబీ దిగిన రోజున ఈ నిశ్చింత పోతుంది. మన గోడలు మనకు మొదటిసారి కనబడతాయి. కనబడిన ప్రతి బీటా నిన్న రాత్రే పుట్టినట్టుంటుంది. బిల్డర్‌ను పిలిచి చూపిస్తే, 'ఇది ముందునుంచే ఉందండీ, లోపల దుమ్ము చూడండి' అంటాడు. ఇద్దరిలో ఎవరైనా అబద్ధమాడుతున్నారని చెప్పలేం. నిన్నటి గోడ ఎలా ఉందో చూపించే కాగితం ఇద్దరి దగ్గరా లేదు, అంతే.

ఆ కాగితం తయారుచేయడం ఒక పనితనం. మెట్రో పనులు చేసే ఇంజినీర్లు దాన్ని బిల్డింగ్ కండిషన్ సర్వే అంటారు. ఇంగ్లండులో ఇరుగుపొరుగు గోడల వ్యవహారం చూసే సర్వేయర్లు షెడ్యూల్ ఆఫ్ కండిషన్ అంటారు. పేరేదైనా చేసేది ఒకటే. పక్కన పని మొదలుకాకముందు ఇల్లు ఏ స్థితిలో ఉందో గోడగోడనా రాసిపెట్టి, పని ముగిశాక అవే చోట్ల నిలబడి మళ్లీ చూడటం. చెప్పడానికి ఇంత సులువైన పనిని సరిగ్గా చేయాలంటే ఎంత నేర్పు కావాలో చూస్తే ముచ్చటేస్తుంది.

ముందు అసలు భయమేమిటో తెలియాలి. నేలలో మట్టి ఒకదాన్నొకటి ఒరుసుకుని, నెట్టుకుని నిలబడి ఉంటుంది. రెండు సెల్లార్ల కోసం ఏడు మీటర్ల గొయ్యి తీస్తే, గొయ్యి వైపు నుంచి నెట్టి ఆపుతున్న మట్టి మాయమవుతుంది. మిగిలిన మట్టి గొయ్యిలోకి కొద్దిగా ఒరుగుతుంది. అలా పక్కకు జరిగిన మేరకు పైనేల కుంగుతుంది. ఈ కుంగుబాటు ఎంత దూరం పాకుతుందో అమెరికా ఇంజినీరు రాల్ఫ్ పెక్ 1969లో ఎన్నో తవ్వకాల కొలతలను ఒకచోట చేర్చి గీసి చూపించాడు. ఇసుక నేలల్లోనూ గట్టి బంకమట్టిలోనూ అది గొయ్యి లోతుకు రెండింతల దూరం దాకా పోతుంది. మెత్తటి బంకమట్టిలో ఇంకా ముందుకు వెళుతుంది. అంటే ఏడు మీటర్ల గొయ్యికి పద్నాలుగు మీటర్ల అవతలి గోడ కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. హైదరాబాదులో మొరం కింద బండ తగులుతుంది కాబట్టి అక్కడ కుంగుబాటు కంటే బ్రేకర్ల అదురు, పేలుళ్ల భయం ఎక్కువ. కృష్ణా డెల్టాలో గొయ్యి ఎండబెట్టడానికి రాత్రింబవళ్లు మోటార్లతో నీళ్లు తోడతారు. భూగర్భజలం దిగిపోయినచోట మట్టి తన బరువుకే సర్దుకుని చుట్టుపక్కల కూడా కుంగుతుంది. నేలను బట్టి భయం మారుతుంది. సర్వే చేసేవాడు మొదట తెలుసుకునేది పక్కన ఏం కట్టబోతున్నారో, ఎంత లోతు తవ్వబోతున్నారో, కింద ఏ నేల ఉందో.

చట్టం కూడా ఈ మట్టి ఒరపును గుర్తించింది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ప్రతి భూమికీ పక్క భూమి నుంచి సహజంగా అందే ఆధారం మీద హక్కుంది. అయితే ఆ హక్కు ఏ కట్టడం బరువూ మోపని నేలకే. దాని మీద ఇల్లు కట్టి బరువు పెడితే, ఆ ఇంటికి కావలసిన ఆధారం ఇరవై ఏళ్లు అడ్డులేకుండా అనుభవించాకే హక్కుగా స్థిరపడుతుంది. అందుకని ఇల్లు ఎప్పటిది, ఏ భాగం ఎప్పుడు కట్టారు అన్నవి నమోదులో మొదటి పంక్తులు కావడం యాదృచ్ఛికం కాదు.

ఉదాహరణకు 1980ల్లో కట్టిన ఒక డాబా ఇల్లు తీసుకుందాం. ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ స్లాబు, తర్వాతెప్పుడో లేపిన పైఅంతస్తు, చుట్టూ ప్రహరీ. తూర్పున గొయ్యి రాబోతోంది. సర్వేయర్ ముందుగా ఇంటి పటం గీస్తాడు. అందులో ప్రతి గదికీ అంకె, ప్రతి గోడకూ దిక్కు, ప్రతి లోపానికీ వరస సంఖ్య. '2-తూ-5' అంటే రెండో గది తూర్పు గోడ మీది ఐదో గుర్తు. హాలు, పెద్ద గది అని రాయకపోవడంలో ఒక తెలివి ఉంది. రెండేళ్లకు అద్దెవాళ్లు మారతారు, పెద్ద గది పిల్లల గది అవుతుంది. దిక్కులు మారవు.

నడక కూడా పద్ధతి ప్రకారమే. గుమ్మంలో నిలబడి ఎడమచేతి గోడతో మొదలుపెట్టి ప్రదక్షిణంగా తిరుగుతాడు. ముందు సీలింగు, తర్వాత నాలుగు గోడలు, చివరికి గచ్చు. ఈ వరస ఏ గదిలోనూ తప్పదు. పగులు దొరికినచోటే ఆగుతూ పోతే, ఆగనిచోట చూశాడో లేదో రేపు ఎవరికీ తెలియదు. కాబట్టి బాగున్న గోడకు ఎదురుగా 'ఏ లోపమూ కనబడలేదు' అని రాస్తాడు. బీరువా అడ్డున్నచోట 'బీరువా వెనక చూడలేదు' అని రాస్తాడు. చూసినదీ, చూడలేనిదీ, చూసి ఏమీ లేదని తేల్చినదీ మూడూ వేరువేరుగా కాగితం మీదికి ఎక్కుతాయి. ఈ మూడింటినీ కలిపేయని రికార్డునే రేపు నమ్ముతారు.

పగులు దగ్గరికి వచ్చాక మాటలు కుదించుకుంటాడు. వాడుకలో బీట, పర్రె, నెర్రె అని ఎన్ని పేర్లున్నా రికార్డులో పగులు ఒక్కటే. 'పెద్ద పగులు', 'చాలా చోట్ల పగిలింది' లాంటివి అసలు రావు. ఎక్కడ మొదలైంది, ఎటు పోయింది, ఎక్కడ ఆగింది, ఎంత వెడల్పు, గిలాబాలోనే ఉందా, ఇటుక దాకా దిగిందా, గోడ అవతలి ముఖం మీద కూడా కనబడుతోందా. ఇలా: '2-తూ-5: కిటికీ లింటెల్ ఉత్తరపు మూల నుంచి ఏటవాలుగా పైకి, ఉత్తరం వైపు. పొడవు 640 మిల్లీమీటర్లు. వెడల్పు కింద 0.2, నడుమ 0.3, పైన 0.5. అవతలి ముఖం మీద లేదు.' గోడను చూడనివాడు కూడా ఈ నాలుగు వాక్యాలు చదివి కాగితం మీద ఆ పగులును గీయగలడు. వర్ణనకు పరీక్ష అదే.

వెడల్పు మూడుచోట్ల ఎందుకు? పగులు తన కథను వెడల్పులోనే దాచుకుంటుంది. పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే పగులు, కట్టడం కొస వైపు కుంగుతోందని చెబుతుంది. కిందికి వచ్చేకొద్దీ వెడల్పయితే నడుమ కుంగిందని అనుమానించాలి. ఏటవాలు పగులు పై కొస సాధారణంగా కుంగిన వైపుకే వాలి ఉంటుంది. గోడలో ఒక చతురస్రాన్ని ఊహించుకుని దాని కుడి అంచును కొంచెం కిందికి జార్చండి. ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు పోయే కర్ణం సాగుతుంది. సాగిన కర్ణానికి అడ్డంగా గోడ చీలుతుంది. చీలిక ఎడమ కింది నుంచి కుడి పైకి, అంటే కుంగిన వైపుకే ఎగబాకుతుంది. గొయ్యి తూర్పున ఉండగా పగుళ్ల పై కొసలన్నీ పడమరకు వాలి ఉంటే, కారణం వేరేచోట వెతకాలి.

స్లాబు కిందుగా గోడ పొడవునా అడ్డంగా పోయే పగులు నేలది కాదు. ఎండకు సాగి, రాత్రికి ముడుచుకునే డాబాది. దూలం కింద ముఖం మీద ఇనుప కడ్డీ వెంబడే తిన్నగా పోతూ తుప్పు రంగు కక్కే పగులు లోపలి తడిది. కాంక్రీటు స్తంభానికీ ఇటుక గోడకూ అతుకు దగ్గర నిలువుగా పోయేది రెండు వస్తువుల వేరు వేరు ముడతది. గిలాబా మీద సాలెగూడులా అల్లుకున్న సన్నటి గీతలు సిమెంటు త్వరగా ఎండిపోయినందువల్ల వచ్చినవి. నేల కదిలితే ఇటుకల అతుకుల వెంట మెట్లుమెట్లుగా దిగే పగులు వస్తుంది. చూడటం వచ్చినవాడికి గోడ మీద ఇన్ని చేతిరాతలు విడివిడిగా కనబడతాయి. అయినా రికార్డులో కారణం రాయడు. కనబడినదే రాస్తాడు. కారణం వెతకడం వేరే రోజు పని.

పగులు వయసు చెప్పే గుర్తులను మాత్రం వదలడు. పాత పగులు అంచులు మొద్దుబారి ఉంటాయి. లోపల దుమ్ము, బూజు, ఒక్కోసారి రెండు రంగుల సున్నం పొరలు. రంగు లోపలికి దిగి ఉంటే రంగు వేయకముందే పగులు పుట్టింది. రంగు పొర కూడా పగులుతో పాటే తెగి ఉంటే రంగు వేశాక పుట్టింది, లేదా పాతది మళ్లీ కదిలింది. కొత్త పగులు అంచులు పదునుగా, లోపల గిలాబా అసలు రంగులో శుభ్రంగా ఉంటాయి. ఇంటికి ఏ ఏడాది రంగులు వేయించారని సర్వేయర్ అడిగేది ఇందుకే. ఆ తేదీ ప్రతి పగులు వయసుకూ ఒక హద్దు గీస్తుంది.

ఇక కొలిచే సరంజామా. మొదటిది క్రాక్ గేజ్ కార్డు. బస్ పాసంత పారదర్శక పలక మీద 0.1 మిల్లీమీటరు నుంచి ఒక్కొక్కటీ కొంచెం లావవుతూ పోయే గీతలుంటాయి. కార్డును పగులు పక్కన ఆనించి, దానికి సరిగ్గా సరిపడే గీత ఏదో కంటితో పోల్చడమే. మనిషి కన్ను ఖాళీని కొలవలేకపోయినా, పక్కపక్కన పెట్టిన రెండు గీతల్లో ఏది లావో ఇట్టే పట్టేస్తుంది. ఈ కార్డు ఆ నైపుణ్యాన్నే వాడుకుంటుంది. అంతకన్నా సూక్ష్మం కావాలంటే గోడకు ఆనించి చూసే చిన్న మైక్రోస్కోపు ఉంది. కంటి కటకంలోనే కొలబద్ద గీతలుంటాయి.

ఈ పనిముట్లు పగులు ఇవాళ ఎంతుందో చెబుతాయి. అది కదులుతోందా అన్నది వేరే ప్రశ్న. పాతకాలపు పద్ధతిలో పగులు మీద అడ్డంగా గాజు పట్టీ అతికించేవారు, లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద వేసి తేదీ రాసేవారు. గాజు పగిలితే గోడ కదిలినట్టు. ఎంత కదిలిందో, ఎటు కదిలిందో గాజు చెప్పదు. ఒకసారి పగిలాక ఇక ఏమీ చెప్పదు. దాని లోపం సరిదిద్దుతూ వచ్చింది టెల్‌టేల్. ఒకదాని మీద ఒకటి కప్పుకునే రెండు ప్లాస్టిక్ పలకలు. ఒకటి పగులుకు ఈవల, ఇంకొకటి ఆవల అతుకుతుంది. కింది పలక మీద మిల్లీమీటర్ల గళ్లు, పై పారదర్శక పలక మీద ఎర్రటి కూడలి గీత. బిగించిన రోజున కూడలి సున్నా మీద ఉంటుంది. పగులు విచ్చుకుంటే అడ్డంగా జరుగుతుంది, ఒకవైపు కుంగితే నిలువుగా దిగుతుంది. రెండు కదలికలూ ఒక్క చూపులో తెలుస్తాయి. ఇంటి ఇల్లాలు కూడా వారానికోసారి చూసి రాసుకోవచ్చు.

మిల్లీమీటరులో వందో వంతు దాకా పోవాలంటే పగులు చుట్టూ మూడు చిన్న స్టీలు బిళ్లలు త్రిభుజంలా అతికిస్తారు. ఒక వైపు రెండు, అవతల ఒకటి. వాటి మధ్య దూరాలను డిజిటల్ కాలిపర్‌తో తీసుకుంటారు. మూడు భుజాలూ తెలిస్తే త్రిభుజం స్థిరపడుతుంది కాబట్టి, మూడో బిళ్ల ఎటు ఎంత జరిగిందో బళ్లో నేర్చుకున్న జ్యామితితోనే లెక్క తేలుతుంది. గోడలో తీగ గానీ కరెంటు గానీ లేదు. మూడు బిళ్లలు అంటుకుని ఉంటే చాలు, పదేళ్ల తర్వాత వేరెవరో వచ్చి అదే కొలత తీయొచ్చు.

అన్నిటికన్నా నాకు నచ్చిన పనిముట్టు పెన్సిల్. పగులు ఆగిన కొసకు సరిగ్గా అడ్డంగా ఒక చిన్న గీత, పక్కన తేదీ. రేపు పగులు పొడుగైతే గీతను దాటుతుంది. దీనికి ఖర్చు లేదు, చదవడానికి శిక్షణ అక్కర్లేదు.

ఫోటో తీయడం తేలికనిపిస్తుంది, నిజానికి ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. దగ్గరగా తీసిన పగులు ఫోటో ఏ గోడదైనా కావచ్చు. అందుకని ప్రతి పగులుకూ మూడు ఫోటోలు. గది మొత్తం కనబడేలా ఒకటి, గోడ మొత్తం ఒకటి, పగులు ఒక్కటే ఇంకొకటి. మూడోదానిలో పగులు పక్కన స్కేలు, దాని సంఖ్య రాసిన చీటీ ఉంటాయి. కెమెరా గోడకు తిన్నగా ఉండాలి, పక్కకు వాలితే పొడవులు మోసం చేస్తాయి. వెలుతురు ఎదురుగా పడితే సన్నటి పగులు కనబడకుండా పోతుంది. టార్చిని గోడ పక్కగా పట్టుకుని వెలుగును గోడ మీదుగా జారనిస్తే, ఉబ్బిన గిలాబా, వెంట్రుకంత పగులు, పాత అతుకు అన్నీ నీడలతో లేచి నిలబడతాయి.

గోడలను చదవడం ఇలా ముగిశాక, ఇల్లు మొత్తంగా ఎలా నిలబడి ఉందో కొలవాలి. కుంగుబాటు కొలవడానికి పునాది పైన, నేలకు కాస్త ఎత్తులో ఇంటి చుట్టూ కొన్ని స్టీలు మేకులు బిగిస్తారు. ఒక్కో దాని గుండ్రటి తల మీద కొలబద్దను నిలబెట్టి, లెవెల్ యంత్రంతో ఎత్తు చదువుతారు. ఏ ఎత్తుతో పోల్చాలి అన్నదే ఇందులో అసలు చిక్కు. పక్కింటి మెట్టుతో పోలిస్తే, రేపు రెండూ కలిసి కుంగితే తేడా సున్నా వస్తుంది. అందుకే మూలబిందువును గొయ్యి ప్రభావం చేరని దూరంలో, వీలైతే బండ మీద ఎంచుకుంటారు. అక్కడ మొదలుపెట్టి మేకులన్నీ చదువుకుంటూ తిరిగి అక్కడికే వస్తారు. బయల్దేరిన ఎత్తుకూ తిరిగొచ్చిన ఎత్తుకూ మిల్లీమీటరు తేడా వస్తే, ఆ తేడా ఇంటిది కాదు, కొలిచినవాడిది. మళ్లీ మొదటి నుంచి నడక. కొలిచే చేతి తప్పును ఇంటి మీదికి నెట్టకుండా చూసుకోవడమే ఈ వలయం అందం.

వాలు చూడటానికి మేస్త్రీ తూకం గుండే చాలు. పిట్టగోడ నుంచి దారం కట్టి గుండు దించి, పైన గోడకూ దారానికీ ఎంత దూరమో, కింద ఎంతో కొలుస్తారు. గాలికి ఊగకుండా గుండును నీళ్ల బకెట్‌లో ముంచుతారు. నీరు పట్టి ఆపిన గుండు క్షణాల్లో కుదురుకుంటుంది. మిగిలినవి చిన్నవే గానీ వదలడానికి వీల్లేనివి. గచ్చు పలకలను నాణెంతో తట్టి బోలు శబ్దం వచ్చినవి పటంలో గుర్తు. తలుపులు ఒరుసుకుంటున్నాయా, ద్వారబంధానికీ తలుపుకూ మధ్య సందు పైన ఎంత, కింద ఎంత. సంపు నింపి రాత్రంతా ఉంచితే నీటిమట్టం దిగిందా. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి. సజ్జలు, మెట్లు, డ్రైనేజీ గొట్టాలు. ప్రహరీ అయితే తప్పనిసరి. దాని పునాది లోతు తక్కువ, అది గొయ్యికి అన్నిటికన్నా దగ్గర. చాలాచోట్ల కదలిక ముందుగా తెలిసేది దానిలోనే.

ఇంత చేసినా ఒక్కరోజు కొలత మోసపుచ్చగలదు. నల్లరేగడి మీది ఇంట్లో మే నెలలో పగుళ్లు విచ్చుకుంటాయి, ఆగస్టు వానలకు మూసుకుంటాయి. ఆ మట్టిలోని బంక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇల్లు దానితో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. నవంబరులో తీసిన మొదటి కొలతతో మే నెలలో తీసిన రెండో కొలతను పోల్చి గొయ్యి మీద నేరం మోపితే, ఎండాకాలం చేసిన పనికి పక్కింటివాడిని శిక్షించినట్టు. కాబట్టి తవ్వకానికి ముందే వీలైనన్నిసార్లు, రోజులో ఒకే వేళకు, ఉష్ణోగ్రత కూడా రాసుకుంటూ కొలుస్తారు. పనేమీ జరగని రోజుల్లో ఇల్లు తనంతట తాను ఎంత కదులుతుందో ఇలా తెలుస్తుంది. ఆ సహజమైన ఊపిరికి అదనంగా వచ్చిన కదలికే గొయ్యి ఖాతాలోకి వెళ్లాలి.

బండ పగలగొట్టే పనైతే అదురును కూడా పట్టాలి. పునాదికి దగ్గరగా నేలలో జియోఫోన్ పెడతారు. నేల ఎంత వేగంగా కదిలిందో సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని అది రాస్తుంది. భారత గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో గని పేలుళ్లకు పెట్టిన హద్దులు ఆలోచింపజేస్తాయి. మామూలు ఇళ్ల దగ్గర, సెకనుకు 8 కంటే తక్కువసార్లు ఊగే అదురుకు హద్దు సెకనుకు 5 మిల్లీమీటర్లు. 8 నుంచి 25 సార్లు ఊగేదానికి 10, అంతకు మించితే 15. చారిత్రక కట్టడాలకు ఇవే 2, 5, 10. నెమ్మదిగా ఊగే అదురుకే ఎక్కువ కట్టడి ఎందుకు? ఒకటి రెండంతస్తుల ఇళ్లు తమ సహజ లయలో సెకనుకు సుమారు 4 నుంచి 12 సార్లు ఊగుతాయని అమెరికా గనుల బ్యూరో పరిశోధనలో తేలింది. ఉయ్యాలను దాని లయకు సరిగ్గా తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తుకు పోతుందో మనకు తెలిసిందే. ఇల్లూ అంతే. గట్టిగా చప్పుడు చేసే అదురు కన్నా, లయ కలిసిన మెల్లని అదురుకే గోడలు ఎక్కువ బాధపడతాయి.

పని ముగిసింది. ఎప్పుడు మళ్లీ రావాలి? బిల్డర్ ఆఖరి స్లాబు వేసిన రోజున కాదు. నీళ్లు తోడటం ఆగి, సెల్లార్ గోడల వెనక మట్టి నింపి, భూగర్భజలం తన మట్టానికి తిరిగొచ్చి, వీలైతే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక. అప్పుడు పాత పటం చేతబట్టుకుని అదే గుమ్మంలో నిలబడి, అదే ఎడమ గోడతో మొదలుపెట్టాలి. ఈసారి మూడు నిలువు వరసలే. పాతది, మారలేదు. పాతది, పెరిగింది. కొత్తది.

పెరిగినదాన్నీ కొత్తదాన్నీ తూచడానికి ఒక తరాజు ఉంది. బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ గోడ నష్టాన్ని సున్నా నుంచి ఐదు దాకా ఆరు మెట్లుగా విడదీసింది. 0.1 మిల్లీమీటరు లోపు లెక్కలోకి రానిది. 1 దాకా రంగులతో పోయేది. 5 దాకా పూడ్చుకోవచ్చు, తలుపులు కాస్త బిగుస్తాయి. 15 దాకా మేస్త్రీ రావాలి. 25 దాకా గోడలో కొంత భాగం పడగొట్టి కట్టాలి. అది దాటితే ఇంటికే ముప్పు. ఈ మెట్లలో మిల్లీమీటర్లు సూచన మాత్రమే, అసలు కొలత బాగుచేయడానికి ఎంత పని పడుతుందన్నది. ఇంటివాడికి కావలసింది కూడా అదేగా.

పగుళ్ల వరసను మేకుల ఎత్తులతో పక్కన పెట్టి చూస్తే రికార్డు ఒక్కటిగా మాట్లాడటం మొదలెడుతుంది. స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అన్న ఇద్దరు ఇంజినీర్లు 1956లో 98 కట్టడాల కొలతలు పోల్చి, రెండు బిందువుల మధ్య కుంగుబాటు తేడా వాటి దూరంలో మూడువందలో వంతుకు చేరితే గోడలు పగలడం మొదలవుతుందని చూపారు. ఆరు మీటర్ల దూరంలోని రెండు మేకుల మధ్య అది 20 మిల్లీమీటర్లు. మన డాబా ఇంట్లో తూర్పు మేకు 3 మిల్లీమీటర్లు, పడమటి మేకు 2 మిల్లీమీటర్లు దిగాయనుకుందాం. తేడా ఒక్క మిల్లీమీటరు. తూర్పు గోడలో అప్పుడు కొత్త పగులు కనబడితే, కుంగుబాటును నిందించే ముందు స్లాబు వేడినీ, తుప్పునూ, జియోఫోన్ రాసిన అదురునూ ఒకసారి చూడాలి. ఎత్తులు, పగులు దిక్కు, టెల్‌టేల్ కూడలి, జియోఫోన్ గీత నాలుగూ ఒకే మాట చెబితే మాత్రం ఆ మాటను కొట్టిపారేయడం కష్టం. విడివిడిగా తీసుకుంటే ఏదీ సాక్ష్యం కాదు. ఒకదానికొకటి తెలియకుండా పుట్టిన ఈ కొలతలు ఒకచోటికి చేరడమే సాక్ష్యం.

కాగితం కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే అన్న ఆలోచన కూడా మొదటి రోజే ఉండాలి. ప్రతి పేజీ మీద ఇరుపక్షాల సంతకాలు, ఇద్దరి దగ్గరా ఒక్కో ప్రతి. డిజిటల్ ఫోటోలను సాక్ష్యంగా పెట్టడానికి కావలసిన ధ్రువపత్రం గురించి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం ధ్రువపత్రంలో ఫైలు హాష్ విలువను రాయమంటుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా మారిపోయే అంకె అది, పెన్సిల్ గీతకు డిజిటల్ తోబుట్టువు. తగువు ముదిరితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూలు కింద కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ను పంపవచ్చు. ఆయన వచ్చి చూసేది ఆనాటి ఇంటిని. ముందు ఇల్లెలా ఉందో ఆయన కూడా చూడలేడు, మనం రాసిపెడితే తప్ప.

ఈ పనితనం ఎంత ఎత్తుకు పోగలదో చూడాలంటే లండన్‌కు వెళ్లాలి. 1990ల్లో జూబిలీ లైన్ పొడిగింపు కోసం వెస్ట్‌మినిస్టర్ స్టేషన్‌ను దాదాపు 40 మీటర్ల లోతున తవ్వారు. పక్కనే 96 మీటర్ల బిగ్‌బెన్ గడియారపు గోపురం. ఇంజినీర్లు తవ్వకానికి ముందే గోపురానికి కొలమానాలు బిగించి, ఎండకూ చలికీ అది తనంతట తాను ఎంత వాలుతుందో చూసుకున్నారు. తర్వాత తవ్వకం సాగుతుండగా వాలు నిర్ణయించుకున్న హద్దును తాకినప్పుడల్లా, పునాది కింద ముందే అమర్చిన గొట్టాల్లోంచి సిమెంటు ద్రవాన్ని ఎక్కించి నేలను లేపారు. కొలవడం అక్కడ సాక్ష్యం స్థాయిని దాటి చుక్కాని అయింది. తవ్వేవాళ్లకు ఎప్పుడు సిమెంటు ఎక్కించాలో, ఎంత ఎక్కించాలో కొలతే చెప్పింది.

అంతటి గోపురానికైనా, మన డాబా ఇంటికైనా పని ఒకటే రకం. ఇంటివాళ్లకు మాత్రం మొదట్లో ఇది నచ్చదు. పక్కవాడి పని మొదలుకాకముందే మన గోడల లోపాలన్నీ మనమే రాసి, సంతకం పెట్టి అతని చేతిలో పెట్టడమేమిటని అడుగుతారు. నలభై పాత పగుళ్లున్నాయని ఒప్పుకున్న కాగితమే రేపు నలభై ఒకటో పగులును కొత్తదని నిలబెడుతుంది. ఒక్క పాత పగులును దాచినా, అది దొరికిన రోజున మిగిలిన కొలతలన్నీ అనుమానంలో పడతాయి. అందుకే మంచి సర్వేయర్ ఇంటివాడి తరఫున వచ్చినా సరే, ఇంటికి వ్యతిరేకమైన వాటినే ముందు రాస్తాడు.

రెండేళ్ల తర్వాత ఆ ఇంటి పడమటి గదిలో, కిటికీ మూలన, వంగి టార్చి వేసి చూస్తే పెన్సిల్ గీత ఇంకా ఉంటుంది. పక్కన మసకబారిన తేదీ. పగులు వచ్చి గీత దగ్గరే ఆగి ఉంటే పద్దులో మొదటి వరసలో ఒక టిక్కు పెట్టి, తర్వాతి గోడకు వెళ్లడమే.